పేజీన్నర అర్జీ

రాయగడ, బుధవారం రాత్రి

నేను బడంతా ఒడియాలోనే చదివాను. తెలుగు అక్షరాలు అమ్మ దగ్గర నేర్చుకున్నవే, అందుకే రాత ఇప్పటికీ వంకర. అయినా ఇవాళ్టి సంగతి తెలుగులోనే రాయాలి. ఆవిడ చెప్పింది తెలుగులో, నేను పాడుచేసింది ఒడియాలో.

లా కాలేజీ తెరవడానికి ఇంకా వారముంది. నాన్న స్నేహితుడైన వకీలుగారి వెంట రోజూ కోర్టుకి వెళ్తున్నా. ఆయన ఉచిత న్యాయ సహాయం ప్యానెల్‌లో ఉన్నారు. నా పనల్లా ఫైళ్ళు మోయడం, టీ చెప్పడం. ఇవాళ తెలుగు తప్ప ఇంకేదీ రాని ఒకావిడ వచ్చింది. "నువ్వే మాట్లాడి అర్జీ రాసి పట్రా" అన్నారాయన.

ఆవిడ కొడుకు దాదన్ పోయాడు. సర్దారు అడ్వాన్సిచ్చి కూలీలను వేరే రాష్ట్రానికి తీసుకుపోవడాన్ని మా వైపు అలాగే అంటారు. ఇటుక బట్టీలో జ్వరం పట్టుకుని మధ్యలోనే తిరిగొచ్చేశాడు. అడ్వాన్సు తీరలేదని సర్దారు ఆధార్ కార్డు ఉంచేసుకున్నాడు.

అంతే, నాకు పూనకం వచ్చేసింది. బంధువా ముక్తి మోర్చా కేసు మొన్ననే చదివాను. ఫరీదాబాద్ రాతి క్వారీల కూలీల గురించి ఆ పేరున్న సంస్థ ఉత్తరం రాస్తే, దాన్నే రిట్ పిటిషన్‌గా తీసుకుంది సుప్రీంకోర్టు. బలవంతంగా పని చేయిస్తున్నట్టు తేలితే అది తీసుకున్న అడ్వాన్సుకి బదులుగా చేయిస్తున్న వెట్టే అని కోర్టు అనుకోవాలి, కాదని చూపించుకోవాల్సింది యజమానే అని 1983 తీర్పులో జస్టిస్ భగవతి రాశారు. 1982లో ఢిల్లీ ఏషియాడ్ ఆటల కోసం కట్టడాలు కట్టిన కూలీల కేసులో, కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకున్నా రాజ్యాంగం 23వ అధికరణం కింద వెట్టే అన్నారు. రెండూ ఇరికించి పేజీన్నర దంచేశాను.

వకీలుగారు చివరిదాకా ఓపిగ్గా చదివారు. "బాగుంది. మావుసి అడిగింది ఇందులో ఎక్కడుంది?" అన్నారు. మావుసి అంటే ఒడియాలో పిన్ని, ఆవిడనే అలా అన్నారు.

లేదు. అసలు నేను అడిగితే కదా.

వెళ్ళి అడిగాను. "కేసులొద్దమ్మా. ఆ సర్దారు మా ఊరోడే, రేపు మళ్ళీ ఆడి మొకమే సూడాల. కార్డు ఇప్పించు, సాలు. గుంటడికి బ్యాంకులో పనుంది" అంది.

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అన్యాయం జరిగినవాళ్ళు కోర్టుదాకా రాలేకపోతే వాళ్ళ కోసం ఇంకెవరైనా రావచ్చు అన్న ముక్క నచ్చే కదా నేను లాలో చేరింది! నియమగిరి కొండలు మా జిల్లాలోనూ, పక్క కలహండిలోనూ ఉన్నాయి. బాక్సైట్ గనులు అక్కడి డోంగ్రియా కొంధు గిరిజనులు తమ దేవుడు నియమ్ రాజాకి చేసే పూజకి అడ్డమో కాదో ముందు గ్రామసభలే చూడాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. మా రాయగడలో ఏడు ఊళ్ళు, కలహండిలో ఐదు. పన్నెండూ వద్దన్నాయి. ఆ కేసుని ఎప్పుడు చదివినా గెలిచారు అన్న మాట దగ్గరికే పరిగెత్తాను. ఊరూరా వెళ్ళి అడిగించారన్న మాట నాకు మామూలు సంగతిలా అనిపించేది.

రెండో అర్జీ నాలుగు లైన్లు. కార్డు తిరిగి ఇప్పించమని, ఇద్దరినీ పిలిచి మాట్లాడమని. ఒడియాలో రాసింది ఆవిడకి తెలుగులో చదివి వినిపించాను. "ఇంకోపాలి సదువు" అంది. చదివాను. అప్పుడు వేలిముద్ర వేసింది.

ఫీజెంతని కొంగుముడి విప్పబోయింది. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయం ఎంతున్నా ఈ సాయం ఉచితమే అని చెప్పాను. నమ్మలేదు. వకీలుగారి వంక చూసింది, ఆయన తలూపితే గానీ ముడి వేసుకోలేదు.

గేటు దాకా వెళ్ళి దిగబెట్టాను. "మరి ముందు రాసిందేటి, అంత పొడుగు?" అంది. ఫరీదాబాద్ కథ చెప్పాను. క్వారీలు, ఉత్తరం, పెద్ద కోర్టు. శ్రద్ధగా వింది.

"మరి ఆల్లకి డబ్బులొచ్చాయా?"

నా పుస్తకంలో తీర్పు వరకే ఉంది. చదివి చెప్తానన్నాను. పదిహేను రోజులకి మళ్ళీ రమ్మన్నారు ఆవిడని. అప్పటికి నేను కాలేజీలో ఉంటాను.