జాకీ శాతంలో గుర్రం వాటా ఎంత?

హైదరాబాద్ మలక్‌పేట గుర్రపు పందేల్లో ఫలానా జాకీది 20 శాతం గెలుపు అనగానే టికెట్ కొనేయకండి. పేరున్న జాకీకి మంచి గుర్రాలే దొరుకుతాయి. అందుకే ముందు గుర్రం వాటా విడదీయాలి.

బుకీ ఇచ్చే 3–1 ధర (రూపాయి పెట్టి గెలిస్తే మూడు రూపాయల లాభం) అంటే గుర్రానికి 0.25 గెలుపు అవకాశం, 4–1 అయితే 0.20. ధరల్లో బుకీ లాభం కలిసే ఉంటుంది కనుక, రేసులోని గుర్రాలన్నిటి అవకాశాల మొత్తం సరిగ్గా 1 అయ్యేలా సర్దుకోండి. ఈ మెట్టు వదిలేస్తే మంచి జాకీ కూడా తీసికట్టుగా కనిపిస్తాడు. సర్దాక జాకీ ఎక్కిన గుర్రాల అవకాశాలు కూడితే 100 స్వారీలకు 22 వచ్చి, నిజంగా గెలిచినవి 20 అయితే, ఆ 20 శాతం గుర్రాలదే.

8 స్వారీల్లో 3 గెలుపులా? నేనైతే అసలు లెక్కలోకి తీసుకోను. అదే గుర్రం, అదే దూరం, జాకీ మాత్రం మారాడు: అలాంటి రేసులే ఎక్కువ చెబుతాయి. కొత్తగా ఎక్కింది అప్రెంటిస్ (ఇంకా నేర్చుకుంటున్న జాకీ) అయితే, గుర్రం మోసే బరువులో అతనికిచ్చే రాయితీనీ చూడండి.