రోటవేటర్ కొనే ముందు ఒక గుంత తవ్వి చూడు

మొన్న ఆదివారం మా బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావా, ఏడడుగుల రోటవేటర్ తీసుకుందామని ఉంది. మీ దగ్గర ఉంది కదా, ఎట్లుంది?" అన్నాడు. రోటవేటర్ అంటే ట్రాక్టర్ వెనక కట్టేది, గిర్రున తిరిగే బ్లేడ్లతో మన్నును పొడి చేస్తుంది. వాడిది సంజామల పక్కన 40 ఎకరాలు, అంతా నల్లరేగడే. వేసేది పత్తి, శనగ. "ముందు చేనులో మోకాలి లోతు గుంత ఒకటి తవ్వి ఫోటో పంపు, తర్వాత మాట్లాడదాం" అన్నాను. ఎందుకన్నానో ఫోన్‌లో పూర్తిగా చెప్పలేకపోయాను. ఇక్కడ రాస్తున్నా.

మాది కోయిలకుంట్ల వైపు. సొంతం 28 ఎకరాలు, గుత్తకు చేస్తున్నది 32. మేము 2019లో 50 హెచ్‌పీ ట్రాక్టర్‌కు ఏడడుగుల రోటవేటర్ కొన్నాం. ఎంత వెడల్పుంటే అంత తొందరగా పని అయిపోతుందని షోరూమ్‌లో చెప్పారు, నమ్మాం. బండి మీద 50 అని రాసున్నా వెనక పీటీవో (పనిముట్టును తిప్పే ఇరుసు) దగ్గరికి వచ్చేది నలభై రెండో నలభై మూడో. తేలిక నేలలో సరిపోతుందేమో గానీ, రేగడిలో కొంచెం తడి ఎక్కువైతే చాలు, బండి మూలుగుతుంది. చిన్న గేరులో పాక్కుంటూ పోవాల్సిందే.

అయినా చేను చూస్తే కళ్లకు ఇంపుగా ఉండేది. రెండు సార్లు తిప్పితే మన్నంతా పిండి. ఊళ్లో అందరూ నిలబడి చూసేవాళ్లు. మా నాయన ఒక్కడే ఒప్పుకోలేదు. "రేగడికి బెడ్డ ఉండాలిరా. వాన పడి ఆరితే అదే విచ్చుకుంటుంది, దాన్ని నువ్వు పగలగొట్టక్కర్లేదు" అనేవాడు. నేను వినలేదు.

2022లో శనగ వేశాక వాన పడింది. పక్క చేలల్లో రెండు రోజులకు నీళ్లు ఇంకాయి, మా చేనులో నాలుగు రోజులు నిలబడ్డాయి. తర్వాత పైరు పసుపు తిరిగింది. ఎండు తెగులేమోనని టెన్షన్ పడి మందు పోశాం. ఏమీ మారలేదు. ఒకరోజు నాయన గడ్డపార తెచ్చి మొక్క పక్కన దించాడు. పైన అయిదంగుళాలు సర్రున దిగింది. ఆ తర్వాత టక్కున ఆగింది. చుట్టూ తవ్వి మన్ను మెల్లగా చేత్తో రాల్చితే కనిపించింది: తల్లివేరు అయిదంగుళాల దాకా నిటారుగా దిగి, అక్కడ మోచేయి మడిచినట్టు పక్కకు తిరిగి పాకింది. దాని కింద రెండు మూడంగుళాల మందాన ఒక పొర. కత్తితో కోసినట్టు నున్నగా మెరుస్తోంది, అందులో ఒక్క వేరుపోగు లేదు. ఆ పొర కిందేమో మన్ను చల్లగా, తేమగా ఉంది. శనగకు కావాల్సిన నీళ్లన్నీ అక్కడే ఉన్నాయి, వేరు మాత్రం చేరలేకపోయింది. నేను చాలాసేపు ఆ గుంత పక్కనే కూర్చుండిపోయాను.

రోటవేటర్ బ్లేడు ఎల్ ఆకారంలో ఉంటుంది. నిమిషానికి రెండొందల సార్లు తిరుగుతూ ప్రతిసారీ అదే లోతులో నేలను కొడుతుంది. తడి బంకమన్నులో ఆ దెబ్బకు పైది పొడి అవుతుంది, అడుగున ఉన్నది మెత్తినట్టు అవుతుంది. దానికి ట్రాక్టర్ బరువు తోడు. ఏటేటా అదే లోతులో అదే పని చేస్తే గట్టి పొర కట్టుకోక ఏమవుతుంది?

మరుసటి ఎండాకాలం ఆ పొరను లోతుగా చీల్చే సబ్‌సాయిలర్ బాడుగకు తెచ్చి, నాలుగడుగులకొక సాలు చొప్పున పదహారంగుళాల లోతు వేయించాం. నేల బాగా ఎండి ఉన్నప్పుడే వేయాలి. తడిలో వేస్తే గాడి పడుతుంది తప్ప పొర పగలదు. బండికి బరువే, డీజిల్ కూడా గట్టిగానే తాగుతుంది. మూడేళ్లకోసారి వేస్తే చాలు కాబట్టి దాన్ని కొనడం దండగ, బాడుగే మేలు.

ఇక రోజుల లెక్క. బామ్మర్దికి నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. రేగడిలో పదును, అంటే దున్నడానికి సరిపడే తేమ, ఎక్కువ రోజులు నిలవదు. వాన వెలిశాక కొన్నాళ్లు కాలు పెట్టనివ్వదు, తర్వాత అయిదారు రోజులు చక్కగా ఉంటుంది, ఆ తర్వాత రాయి అవుతుంది. పిడికెడు మన్ను ఉండకట్టి నడుము ఎత్తునుంచి వదిలితే పొడిపొడిగా రాలాలి. చప్పున అతుక్కుంటే ఇంకా ఆగాలి. ఆ అయిదారు రోజుల్లో మా 60 ఎకరాలూ అయిపోవాలి. రోటవేటర్‌తో గంటకు ఎకరా, రోజుకు ఎనిమిది గంటలు నడిపితే ఒక్కసారి తిప్పడానికే ఏడెనిమిది రోజులు. తొమ్మిది చెక్కల (నేలను గీరే కాళ్ల) కల్టివేటర్ అయితే గంటకు రెండెకరాలు, నాలుగు రోజులు. డీజిల్ కూడా సగమే. అందుకే మనకున్న ఎకరాలను పదునుండే రోజులతో భాగించి, రోజుకు ఎంత చేయాలో చూసుకున్నాకే పనిముట్టు సంగతి. షోరూమ్‌లో ఈ లెక్క ఎవరూ అడగరు.

ఇప్పుడు మాకు నడుస్తున్నది కల్టివేటర్, దాని వెనక ట్రాక్టర్ గుంటక (అడ్డంగా బ్లేడున్న పనిముట్టు). నన్నడిగితే రేగడికి గుంటకను మించింది లేదు. కలుపును వేరు దగ్గర కోస్తుంది, నెర్రెలు మూస్తుంది, పైన రెండంగుళాలు పొడిమన్ను పరిచి కింది తేమను కాపాడుతుంది. రోటవేటర్‌ను అమ్మలేదు. పత్తి కట్టెను ష్రెడర్‌తో ముక్కలు చేశాక ఒక్కసారి కలపడానికి వాడతాం, అదీ నేల ఆరి ఉన్నప్పుడే.

పత్తి వేసేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి: చక్రాల వెడల్పు. మా సాళ్లు మూడడుగులు. వెనక చక్రాల డిస్కులు తిప్పి బిగిస్తే నడిమి నుంచి నడిమికి 72 అంగుళాలు వస్తుంది, రెండు సాళ్లు బండి కింద పోతాయి, చక్రాలు సాళ్ల నడుమ నడుస్తాయి. ముందు చక్రాలు కూడా అంతే జరపాలి. కల్టివేటర్‌లో సాళ్ల మీదికొచ్చే చెక్కలు తీసేస్తే సాళ్ల మధ్య చేసే అంతరసేద్యానికి అదే సరిపోతుంది, వేరే పనిముట్టు అక్కర్లేదు. మొక్క మోకాలి ఎత్తు దాటాక మాత్రం బండి దింపకూడదు. ఈ కొలత కుదరని ట్రాక్టర్‌కు ఎంత మంచి పనిముట్టు కట్టినా పత్తిలో పనికిరాదు.

నిన్న సాయంత్రం ఫోటో వచ్చింది. గుంత అంచున స్కేలు పెట్టి తీశాడు. ఆరంగుళాల దగ్గర సన్నగా ఒక గీత కనిపిస్తోంది. వాడు ఇన్నేళ్లూ బాడుగ రోటవేటర్‌తోనే చేయించాడట. "బావా, ఇదేనా నువ్వు చెప్పిన పొర?" అని కింద రాశాడు. రేపు పొద్దున గడ్డపార, టేపు బండిలో వేసుకుని సంజామల పోతున్నా.