ఓడ దిగి కంచికి, పొద్దు వాలే లోపు మళ్లీ హార్బరుకు

విశాఖలో ఓడ ఎక్కిన మా వాళ్లకు చెన్నైలో ఒక పగలు ఆగే వీలుంది. పొద్దున హార్బరులో దిగుతారు, సాయంత్రం ఏడింటికల్లా తిరిగి ఎక్కెయ్యాలి, ఆ రాత్రే ఓడ పాండిచ్చేరికి కదిలిపోతుంది. ఈ మధ్యలో పాత గుళ్లు చూపించే బాధ్యత పెరంబూరులో ఉంటున్నందుకు నా మీద పడింది.

అత్తయ్య మొదటి మాటే తిరుపతి. "మద్రాసు దాకా వచ్చి స్వామిని చూడకుండా వెనక్కి పోతారటరా ఎవరైనా?" అన్నారు. చెన్నై నుంచి తిరుపతి 135 కిలోమీటర్ల పైనే. ఆ తర్వాత కొండ ఎక్కాలి. దర్శనానికి ఎంతసేపు పడుతుందో ఆ స్వామికే తెలియాలి. "మీరు క్యూలో ఉండగానే మీ పెట్టెలు పాండిచ్చేరి చేరతాయి అత్తయ్యా" అంటే నవ్వి, అయితే కంచి అన్నారు. బాబాయి ఇంజనీరుగా పనిచేసి రిటైరైన మనిషి, రాతిపని అంటే ప్రాణం. ఆయనకు మహాబలిపురం కావాలి. పిన్నికి వరదరాజస్వామి కోవెలలోని బంగారు బల్లిని తాకాలని ఎప్పటినుంచో మొక్కు లాంటిది.

హార్బరు, కంచి, మహాబలిపురం, మళ్లీ హార్బరు కలిపి చుట్టూ 200 కిలోమీటర్లు. దూరం చూసి భయపడనక్కరలేదు. భయమంతా గుడి తలుపులతోనే. ఓడ ఏడింటికి రేవుకు వచ్చినా, దాన్ని కట్టి, మెట్లు వేసి, కార్డులు చూసి మనుషులను బయటికి వదిలేసరికి ఎనిమిదిన్నర. పూనమల్లి దాటేదాకా ఊరి రద్దీ, తర్వాత బెంగళూరు రహదారి. పదిన్నరకు కంచి చేరితే అదృష్టం. అక్కడి కోవెలలు పన్నెండుకో పన్నెండున్నరకో మూసి మళ్లీ నాలుగింటికి గానీ తెరవరు. నాలుగింటిదాకా కూర్చుంటే ఓడ దక్కదు. అంటే వెయ్యి గుళ్ల ఊరని పేరున్న కంచి మా చేతికి వచ్చేది రెండు గంటలు.

మహాబలిపురానికి ఈ బాధ లేదు. తీరాలయం, పంచ రథాలు పురావస్తు శాఖ ఆధీనంలో ఉన్నాయి కాబట్టి పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా తెరిచే ఉంటాయి. అందుకే ముందు కంచి, తర్వాత సముద్రం. ముందు చల్లగా మహాబలిపురం చూసుకుని కంచికి పోదామని సలహా ఇచ్చినవాళ్లు ఉన్నారు. ఓడ మీద వచ్చినవాళ్లు ఆ సలహా వింటే మూసిన తలుపులకు దండం పెట్టుకుని రావాలి.

ఓడవాళ్లే ఏర్పాటు చేసే యాత్ర కూడా ఉంటుంది. ఖర్చు ఎక్కువ, కానీ వాళ్ల బస్సు దారిలో చిక్కుకుంటే మామూలుగా ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్లి ఆలస్యమైతే ఎవరి కోసమూ ఆగదు. ఆ సంగతి ఇంటిల్లిపాదికీ ముందే చెప్పాను. ఓడే ఆలస్యంగా వస్తే కంచి మాట మరిచిపోయి ఊళ్లోనే తిప్పాలనీ అనుకున్నాను. తిరువల్లిక్కేణి పార్థసారథి కోవెల పల్లవుల నాటిది, ఆళ్వార్లు పాడిన నూట ఎనిమిది విష్ణు క్షేత్రాల్లో, అంటే దివ్యదేశాల్లో ఒకటి, హార్బరుకు చాలా దగ్గర. భీష్ముడి బాణాల గాయాలు ముఖాన మోస్తున్న, మీసాలున్న కృష్ణుణ్ణి చూడటానికే విడిగా ఒక రోజు రావచ్చు. మైలాపూరు కపాలీశ్వరుడు, ఉత్తరాన తిరువొత్తియూరు త్యాగరాజస్వామి ఉండనే ఉన్నారు. చెన్నైలో దిగినవాడు గుడి చూడలేదంటే అది బద్ధకమే.

ఓడ వేళకే వచ్చింది. బయటి బండిని అనుమతి లేనిదే హార్బరు లోపలికి పోనివ్వరు కాబట్టి వ్యాను గేటు బయటే పెట్టించి, ఆధార్ కార్డు, ఓడ కార్డు విడివిడిగా ఒక సంచిలో వేసి మెడలో తగిలించుకు రమ్మన్నాను. పిన్ని ఆ రెంటితో పాటు పులిహోర డబ్బా కూడా తగిలించుకు వచ్చింది.

శ్రీపెరుంబుదూరు దగ్గర అత్తయ్య వ్యాను ఆపమన్నారు. రామానుజుల వారు పుట్టిన ఊరు. ఆపలేదు. కిటికీలోంచే దండం పెట్టుకుని, "ఈ పాపం నీదే" అని నా ఖాతాలో రాశారు. పొన్నేరికరై దగ్గర రహదారి వదిలి ఎడమకు తిరిగాక అందరి మాటలూ తగ్గిపోయాయి. దూరం నుంచే ఏకాంబరేశ్వరుడి గోపురం కనిపిస్తుంది. కృష్ణదేవరాయలు 1509లో కట్టించినది అది. ఆయన సింహాసనం ఎక్కిన ఏడాదే. "మనవాడు కట్టించాడన్నమాట" అని బాబాయి తలెత్తి అంతస్తులు లెక్కపెట్టడం మొదలుపెడితే లోపలికి తోసుకుపోవలసి వచ్చింది.

పంచభూత లింగాల్లో ఇది పృథ్వీలింగం. మట్టితో చేసినది కాబట్టి నీళ్లతో అభిషేకం ఉండదు. అమ్మవారు మామిడిచెట్టు కింద మట్టి లింగం చేసుకుని పూజిస్తుంటే స్వామి వరద పంపాడనీ, ఆవిడ లింగాన్ని కావలించుకుని కాపాడుకుందనీ కథ. అత్తయ్యకు ఈ కథ నాకంటే బాగా తెలుసు. దాన్ని ఆ మామిడిచెట్టు దగ్గరే నిలబడి పిల్లలకు చెప్పారు. ఆ కాసేపు నేను గడియారం చూసుకోలేదు.

కోవెల బయటికి వచ్చాక జట్టును రెండుగా విడదీశాను. ముందే అనుకున్నదే. గుంపు అంటే అందరూ ఒకరి చీర కొంగు ఒకరు పట్టుకుని నడవాలని ఎక్కడా లేదు. మా ఆవిడ అత్తయ్యను, పిన్నిని కామాక్షి అమ్మవారి కోవెలకు తీసుకువెళ్లింది. కంచిలోని శివాలయాల్లో అమ్మవారికి విడిగా మూలస్థానం ఉండదనీ, ఊరందరికీ కామాక్షే అమ్మవారనీ అంటారు. కాబట్టి అది వదలడానికి వాళ్లు ఒప్పుకోరు. బాబాయి, పిల్లలు, నేను ఆటోల్లో పడమటి చివరనున్న కైలాసనాథ ఆలయానికి పోయాం.

అక్కడ జనం లేరు. గోపురమూ లేదు, గంటల మోతా లేదు. పసుపు వన్నె ఇసుకరాయి, చుట్టూ గోడ, గోడ పొడవునా వరసగా 58 చిన్న చిన్న గూళ్లు, ఒక్కొక్కటీ ఒక గుడి. గూళ్లలో శివుడు ఆడుతూ, భిక్షకు పోతూ, పార్వతితో కూర్చుని ఉంటాడు. కొన్నిటి మీద పాత సున్నపు పూత, దాని మీద రంగు బొమ్మల ఆనవాళ్లు ఇంకా మిగిలాయి. పల్లవ రాజసింహుడు ఇది కట్టించింది ఎనిమిదో శతాబ్దం మొదట్లో. ప్రతి స్తంభం కిందా వెనుక కాళ్ల మీద లేచిన సింహమే. రాజు తన బిరుదును రాతి నిండా సంతకం చేసుకున్నట్టు ఉంటుంది.

బాబాయికి చెప్పాలని దాచుకున్న సంగతి ఒకటుంది. బాదామి చాళుక్యుడు రెండో విక్రమాదిత్యుడు కంచిని గెలిచి ఈ గుడిలోకి వచ్చి, ఇక్కడి సంపద చూసి, దోచుకోకుండా తిరిగి దేవుడికే ఇచ్చేశానని కన్నడంలో శాసనం చెక్కించాడు. ఆయన రాణి లోకమహాదేవి పట్టదకల్లులో కట్టించిన విరూపాక్షాలయానికి ఈ కైలాసనాథమే నమూనా అంటారు. గెలిచినవాడు ఓడినవాడి గుడిని చూసి ముచ్చటపడి తన ఊళ్లో కట్టుకోవడం మన చరిత్రలో తరచూ కనిపించేది కాదు. బాబాయి ఆ మాట విని చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత పిల్లలతో పాటు గర్భగుడి చుట్టూ ఉన్న ఇరుకు దారిలో దూరారు. పాకుతూ లోపలికి పోయి పాకుతూ బయటికి రావాలి. అలా వస్తే మరో జన్మ ఉండదని నమ్మకం. ఆయన మోకాళ్లు పట్టుకుని బయటికి వస్తూ, "జన్మ సంగతి తర్వాత, ముందు నన్ను లేపండిరా" అన్నారు.

విష్ణుకంచి చేరేసరికి పన్నెండు కావస్తోంది. వరదరాజస్వామి కోవెలను చివరకు పెట్టడానికి కారణం ఉంది, చెంగల్పట్టు దారి అటువైపే. 24 మెట్లు ఎక్కి స్వామి దర్శనం, ఆ వెంటనే బల్లులు. గౌతముడి శిష్యులు శాపం వల్ల బల్లులై ఇక్కడ విముక్తి పొందారని కథ. మన ఇళ్లలో ఒంటి మీద బల్లి పడితే, కంచి బల్లిని తాకినవాళ్లు ఎవరున్నారా అని వెతుక్కుని వాళ్లను ముట్టుకుంటారు. ఇకమీదట మా వాడలో ఆ పదవి తనదేనని పిన్ని చాలా గంభీరంగా ప్రకటించింది.

నూరుకాళ్ల మండపంలో రాతి గొలుసులు, గుర్రపు రౌతులు ఉన్నారు. ఐదు నిమిషాల్లో చూసేవి కావు, ఐదు నిమిషాలే చూశాం. కోనేటి దగ్గర అత్తివరదుల మాట వచ్చింది. నీళ్లలో ఉండే ఆ అత్తికర్ర స్వామిని నలభై ఏళ్లకోసారి బయటికి తీస్తారు. 1979లో తీశారు, 2019లో తీశారు. మళ్లీ 2059లోనే. పిల్లలు తమ వయసులు లెక్క కట్టుకుంటుంటే పెద్దవాళ్లు కోనేటికే దండం పెట్టుకున్నారు.

బయట కంచి ఇడ్లీ కొన్నాం. మిరియాలు, జీలకర్ర, శొంఠి వేసి వెదురు బుట్టల్లో ఆవిరికి ఉడికించేది. పులిహోర, ఆ ఇడ్లీ వ్యానులోనే భోజనం. డ్రైవరు మంచి పట్టుచీరల కొట్టు ఒకటి తెలుసని నెమ్మదిగా అన్నాడు. వెనుక సీట్లో కదలిక వచ్చింది. పట్టుకొట్లో అరగంట అంటే గంటన్నర అని పెళ్లయిన మగవాళ్లెవరికీ చెప్పనక్కరలేదు. చీర నేను పంపుతానని మాట ఇచ్చి బండి కదిలించాను. "ఇంత చేసి చివరికి నీది కంచి గరుడసేవేరా" అని బాబాయి జాలిపడ్డారు.

చెంగల్పట్టు దాటాక పక్షితీర్థం కొండ పక్కనుంచే పోయాం. రెండు గద్దలు రోజూ మధ్యాహ్నం వచ్చి ప్రసాదం తినిపోయేవని పెద్దలు చెప్పుకునే తిరుక్కళుక్కుండ్రం అదే. ఎక్కే తీరిక లేదు.

మహాబలిపురంలో భారతీయులకు 40 రూపాయల టికెట్టు, అదే రథాలకూ తీరాలయానికీ చెల్లుతుంది. మాఘమాసమే అయినా రెండున్నర ఎండకు ఇసుక కాలుతోంది. ఒక్కొక్క రాతిని పైనుంచి కిందికి తొలిచి చేసిన రథాలవి, పని పూర్తి కాలేదు, ఏనాడూ పూజ జరగలేదు. ఆ మాట వినగానే అత్తయ్య నీడ చూసుకుని కూర్చున్నారు. "దీపం లేని గుడికి ఇంత దూరం ఎందుకురా?"

నిజానికి ఆవిడ కోసమే నాలుగింటికి ఊరి మధ్యనున్న స్థలశయన పెరుమాళ్ కోవెలకు తీసుకువెళ్లాను. అదీ దివ్యదేశమే. మేం వెళ్లేసరికి తలుపులు తెరిచి ఉన్నాయి. ఇక్కడ స్వామికి ఆదిశేషుడి పాన్పు లేదు, వట్టి నేల మీద పడుకుని ఉంటాడు. బాబాయి ఠక్కున నా చెయ్యి పట్టుకున్నారు. అంతకు ముందే తీరాలయంలో, రెండు శివాలయాల మధ్య, పాము పడగ లేకుండా నేలరాతిలోనే చెక్కిన శయనమూర్తిని మేం చూసి వచ్చాం. అక్కడ దీపం లేదు, ఇక్కడ తులసి, కర్పూరం. అదే సంగతి బాబాయి అత్తయ్యకు చెబితే, "ముందే చెప్పి ఉంటే అక్కడా ఒక దండం పెట్టుకునేదాన్ని కదా" అని ఆయన మీద కోప్పడ్డారు.

నాలుగున్నరకు బయలుదేరాం. తూర్పుతీర రహదారి హాయిగా సాగి తిరువాన్మియూరు దగ్గర నడక వేగానికి వచ్చింది. అక్కడినుంచి మెరీనా దాకా ఎవరూ మాట్లాడలేదు, పిన్ని మాత్రం విష్ణుసహస్రనామం చదివింది. ఆరూ ఇరవైకి గేటు దగ్గర దింపాను.

మర్నాడు బాబాయి పాండిచ్చేరి నుంచి ఫోను చేశారు. ఓడలో పరిచయమైన భీమిలి వాళ్లు, వచ్చే ఏడాది ఇరవై మంది వస్తారట, ఇదే దారిలో తిప్పమంటున్నారట. కైలాసనాథానికి గంట కావాలన్నా, పట్టు కొనాలన్నా ఓడ వద్దు, రైలెక్కి వచ్చి ఒక రాత్రి కంచిలోనే ఉండమన్నాను. ఓడలోనే వస్తామంటే, ముందు అది ఎన్నింటికి రేవుకు చేరుతుందో కనుక్కుని చెప్పమన్నాను.