ఇల్మ్ నది వెంట: గోథే కవితలు, షూబెర్ట్ పాటలు

జర్మనీ నడిమధ్యన తురింగియా అడవుల్లో పుట్టి ఉత్తరానికి పారే ఇల్మ్‌ను మన వైపు అయితే వాగు అనే అంటారు. చాలాచోట్ల పిల్లలు గులకరాళ్ళ మీద అడుగులు వేస్తూ దాటేయగలిగినంత నీరే ఉంటుంది. అయినా ప్రసిద్ధ కవితలకు గొంతు, పియానో రెండూ కలిపి కట్టే పాటల మీద మనసున్నవాళ్ళకు ఈ నదిని ఆనుకున్న మూడు ఊళ్ళు తీర్థక్షేత్రాల వంటివి. జర్మన్ మహాకవి గోథే ఇల్మెనౌ పక్కన కొండ మీద ఒక కవిత రాశాడు, వైమార్‌లో జీవితంలో ఎక్కువ భాగం గడిపాడు, టీఫుర్ట్ ఉద్యానంలో తన మరో కవితను మొదటిసారి పాడించుకున్నాడు. ఆ కవితలకు లోకమంతా పాడుకునే రూపమిచ్చిన ఫ్రాంజ్ షూబెర్ట్ మాత్రం వియన్నా వాడు, ఈ నదిని ఒక్కసారి కూడా చూడలేదు.

ఈ ప్రక్రియను జర్మన్లు లీట్ అంటారు. పద్ధతి మనకు కొంత కొత్త. మన వాగ్గేయకారుడు మాటను, పాటను ఒకే నోట పలికినవాడు. ఇక్కడ కవి ఒకరు, స్వరకర్త ఇంకొకరు, తరచుగా ఇద్దరికీ ముఖపరిచయం కూడా ఉండదు. మనలో దీనికి దగ్గరగా చెప్పుకోవలసి వస్తే అన్నమయ్య సంకీర్తనల సంగతి చెప్పాలి. తాళ్ళపాక రాగిరేకుల మీద సాహిత్యమూ రాగం పేరూ మాత్రమే మిగిలాయి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పెద్దలు శతాబ్దాల తరవాత వాటిలో ఎన్నింటికో స్వరాలు కూర్చారు. అయితే అక్కడ కూడా వయొలిన్ గొంతు వెనకాలే నడుస్తుంది. లీట్‌లో పియానో అలా వెనక నడవదు. కవి చెప్పకుండా వదిలిపెట్టింది చెప్పే పని పియానోది. మరి కవికి ఇది ఇష్టమేనా అన్న ప్రశ్నే నన్ను ఈ నది వెంట తిప్పింది.

ఎర్‌ఫుర్ట్ నుంచి చిన్న రైల్లో గంటసేపు వెళితే ఇల్మెనౌ వస్తుంది. అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయంలో మా మేనల్లుడు చదువుతున్నాడు. వాడికి ఊళ్ళో గోథే అంటే ఎక్కడ చూసినా కనిపించే పేరు, అంతకుమించి ఏమీ లేదు. ఇక్కడి వెండి, రాగి గనిని మళ్ళీ తెరిపించే బాధ్యత గోథేకు వైమార్ దొర అప్పగించాడు. 1784లో పని మొదలుపెట్టి, 1796లో నీరు చొచ్చుకొచ్చి గని కూలేదాకా గోథే ఈ ఊరికి పదే పదే వచ్చేవాడు. కవి అంటే కాగితాల మధ్య కూర్చునేవాడు అనుకునేవాళ్ళు ఇక్కడికి వచ్చి చూడాలి.

పైకి వెళ్ళే దారి పొడవునా గోథే చేతిరాతలోని చిన్న ‘జి’ అక్షరం గుర్తుగా కనిపిస్తుంది. కికెల్‌హాన్ కొండ ఎత్తు 861 మీటర్లు. మేము వెళ్ళిన పూట గాలి బలంగా ఉంది, పొడుగాటి చెట్ల కొనలు ఒకదానికొకటి రాసుకుంటూ ఊగుతున్నాయి, వెనక నుంచి ఒక బడిపిల్లల గుంపు కేకలు వేస్తూ వస్తోంది. శిఖరానికి కాస్త దిగువన గోథే గుడిసె ఉంది. మేనల్లుడు దాన్ని చూసి “ఇంతేనా మామయ్యా?” అన్నాడు. వాడి తప్పేమీ లేదు. చెక్కపలకల గది, చిన్న కిటికీలు, అదీ అసలుది కాదు. 1780 సెప్టెంబర్ 6 సాయంత్రం గోథే గోడ మీద పెన్సిల్‌తో కవిత రాసిన గుడిసె 1870లో కాలిపోయింది, ఇది 1874లో తిరిగి కట్టింది. లోపల గోడకు ఆ కవిత పలు భాషల్లో వేలాడుతోంది.

కవిత పొడవు ఇరవై నాలుగు మాటలు. కొండకొనలన్నిటి మీదా శాంతి ఉంది, చెట్ల చివళ్ళలో ఊపిరి కదిలినట్టే లేదు, అడవిలో పిట్టలు మౌనంగా ఉన్నాయి, కాస్త ఆగు, నువ్వూ విశ్రమిస్తావు. ఉన్నదంతా ఇంతే. అర్ధశతాబ్దం తరవాత, 1831 ఆగస్టు 27న, ఎనభై రెండో పుట్టినరోజుకు ముందురోజు, గోథే ఇక్కడికి మళ్ళీ వచ్చాడు. వెంట మార్ అనే గనుల అధికారి ఉన్నాడు. గోడ మీది పాత రాత చెదరకుండా ఉండడం చూసి గోథే కన్నీళ్ళు పెట్టుకున్నాడనీ, చివరి పంక్తుల్ని పైకి చదువుకున్నాడనీ ఆ అధికారే రాసి ఉంచాడు. మరుసటి మార్చిలో గోథే కన్నుమూశాడు.

గుడిసె ముందున్న బల్ల మీద కూర్చుని చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకుని షూబెర్ట్ పాట విన్నాం. అచ్చులో పద్నాలుగు గతులే, అంటే నిలువు గీతలతో విడదీసిన తాళపు గడులే, పాడితే రెండు నిమిషాల పైచిలుకు. “పియానో ఏమీ చెయ్యట్లేదు కదా” అన్నాడు మేనల్లుడు. మొదటి రెండు గతులు వింటే అలాగే ఉంటుంది. కింది స్థాయిలో, మెల్లగా, ఒక దీర్ఘం వెనక రెండు హ్రస్వాలుగా మెట్లు దిగుతున్నట్టు నడుస్తుంది. చెట్ల చివళ్ళ మాట వచ్చేసరికి మాత్రం పియానో లోపల సన్నని కదలిక మొదలవుతుంది. గాలి లేదని గొంతు అంటున్నప్పుడు ఆ లేని గాలి వేళ్ళ కిందకు వచ్చి చేరుతుంది. ‘కాస్త ఆగు’ అన్న చోట రెండు స్వరాలు జతగా దూరాన కొమ్ము ఊదినట్టు పలుకుతాయి. షూబెర్ట్ ఆ చివరి పంక్తుల్ని రెండుసార్లు పాడించాడు. కవితలో ఒక్కసారే ఉన్న మాట పాటలో రెండోసారి వచ్చినప్పుడు దాని బరువు మారుతుంది. కొండ మీద మాకు దొరకని నిశ్చలత ఆ పద్నాలుగు గతుల్లోనే దొరికిందని చెప్పడానికి నాకు సంకోచం లేదు.

కిందికి దిగాక ఊరి శ్మశానంలో కొరోనా ష్రోటర్ సమాధి చూశాం. వైమార్ కొలువులో గాయని, నటి, స్వరకర్త. 1802లో ఇల్మెనౌలోనే చనిపోయింది. ఆమె కథ టీఫుర్ట్ దగ్గర చెబుతాను.

వైమార్‌లో గోథే ఇల్లు పసుపుపచ్చ గోడలతో పెద్దదే. గదులన్నీ విగ్రహాలు, ఖనిజాల పెట్టెలు. నా దృష్టి మాత్రం జూనో గది అని పిలిచే పెద్ద గదిలోని ష్ట్రైహర్ పియానో మీదే ఉంది. దీన్ని 1821లో కొన్నాడు. ఆ ఏడాదే, తరవాత పేరుపొందిన స్వరకర్త అయిన పన్నెండేళ్ళ మెండెల్‌సన్‌ను బెర్లిన్ నుంచి గోథే స్నేహితుడు, స్వరకర్త త్సెల్టర్ వెంటబెట్టుకుని వచ్చాడు. పదేళ్ళ తరవాత పియానో వాద్యకారిణి క్లారా వీక్, అంటే తరవాతి క్లారా షూమన్, ఈ ఇంట్లో వాయించింది. ఆమెకూ అప్పుడు పన్నెండేళ్ళే. కూర్చునే పీట ఎత్తు చాలకపోతే గోథే స్వయంగా వెళ్ళి దిండు తెచ్చాడట. అంటే సంగీతం పట్టని మనిషి కాదు.

అయినా 1816లో షూబెర్ట్ స్నేహితుడు ష్పౌన్ వినయంగా ఒక ఉత్తరం రాసి, గోథే కవితలకు కట్టిన పాటల సంపుటిని ఈ ఇంటికి పంపితే అది జవాబు లేకుండా తిరిగి వెళ్ళింది. 1825లో షూబెర్టే తన పాటలు కొన్ని గోథేకు అంకితమిచ్చి పంపాడు. అవి అందినట్టు గోథే డైరీలో నమోదైంది, షూబెర్ట్‌కు మాత్రం ఒక్క ముక్క రాలేదు. దీన్ని పెద్దాయన అహంకారమని రాసేసేవాళ్ళు ఉన్నారు కానీ నేను అంత తొందరపడను. కవితలో చరణాలు ఎన్ని ఉన్నా బాణీ ఒకటే ఉండాలి, చరణానికి తగ్గ భావాన్ని పాడేవాళ్ళు గొంతులో పలికించాలి, ఇదీ గోథే అభిప్రాయం. స్నేహితుడు త్సెల్టర్ పాటలు ఈ పద్ధతికి ఒదిగేవి. పియానో నోరు విప్పితే కవిత రెండో స్థానానికి జారుతుందన్న భయం కవికి ఉండడం సహజమే.

ఆ భయం ఎంత నిజమో ఆ రాత్రి తెలిసింది. వైమార్‌లో స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్ పేరున్న సంగీత విశ్వవిద్యాలయం ఉంది, మేము వెళ్ళింది అక్కడి విద్యార్థుల లీట్ కచేరీకి. చిన్న హాలు, టికెట్ లేదు. చేతికిచ్చిన కాగితంలో కవితలన్నీ అచ్చువేసి, అడుగున ‘పాట ముగిసేదాకా పేజీ తిప్పకండి’ అని రాశారు. పియానో వంపులో నిలబడి పాడే అమ్మాయికి, వాయించే అబ్బాయికి మధ్య కనుసైగ కూడా కనిపించలేదు. ఊపిరి తీసే చప్పుడు వినే ఇద్దరూ కలిసి మొదలుపెడుతున్నారు. ముందుగా చంద్రుణ్ణి ఉద్దేశించి గోథే రాసిన కవిత. ఇల్మ్ లోయ వెన్నెలతో ముడిపెట్టి చెప్పుకునే ఆ కవితకు షూబెర్ట్ రెండుసార్లు వేర్వేరుగా బాణీ కట్టాడు. రెండూ వరసగా పాడారు. నాకు రెండోది నచ్చింది, మేనల్లుడికి మొదటిది.

ఆఖరున గోథే కథాగేయం ఎర్ల్‌కోనిగ్. షూబెర్ట్ దీనికి 1815లో, పద్దెనిమిదేళ్ళ వయసులో బాణీ కట్టాడు, 1821లో తన రచనల వరసలో మొదటి సంఖ్య వేసి అచ్చువేయించాడు. రాత్రివేళ జబ్బుపడ్డ బిడ్డను పొదివి పట్టుకుని తండ్రి గుర్రం దౌడు తీయిస్తుంటాడు, బిడ్డకు మాత్రమే కనిపించే దయ్యాల రాజు రమ్మని ఆశపెడుతుంటాడు. మొదలుపెట్టే ముందు వాయించే అబ్బాయి కుడిచేతిని ఒడిలోకి దించి మణికట్టు రెండుసార్లు విదిల్చాడు. ఎందుకో వెంటనే అర్థమైంది. ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో కలిపి నొక్కుతూ మూడేసి దెబ్బలుగా దాదాపు చివరిదాకా కొట్టాలి. షూబెర్ట్ స్వయంగా ఈ చోట రెండేసి దెబ్బలుగా సులువు చేసిన ప్రతి కూడా ఒకటి ఉంది. కవితలో గుర్రం పరుగు ఒక మాటగా వచ్చి పోతుంది, పాటలో ఆ పరుగు ఆగదు. బిడ్డ ‘నాన్నా, నాన్నా’ అని అరిచిన ప్రతిసారీ స్వరం ఒక మెట్టు పైకి వెళ్ళి, పియానో స్వరంతో ఒరుసుకుని కీచుమంటుంది. తండ్రి ఇల్లు చేరేసరికి గుర్రం ఆగిపోతుంది. బిడ్డ చనిపోయాడన్న మాటలు దాదాపు మాట్లాడినట్టే వస్తాయి, రెండు గట్టి స్వరాలతో పాట ముగుస్తుంది. మేనల్లుడు కాగితం తిప్పడం మరిచిపోయాడు.

షూబెర్ట్ 1828లో పోయాడు. 1830లో గాయని విల్హెల్మీన్ ష్రోడర్ డెవ్రియెంట్ గోథే ఇంట్లో ఇదే పాట పాడితే, ఇంతకుముందు విన్నప్పుడు నచ్చలేదనీ, ఇలా పాడితే మొత్తం ఒక చిత్రంలా కళ్ళకు కడుతోందనీ గోథే అన్నాడు. మెచ్చుకోలు గాయనికి దక్కింది, స్వరకర్త వినడానికి లేడు.

మర్నాడు ఇల్మ్ ఒడ్డునే నడుచుకుంటూ టీఫుర్ట్ వెళ్ళాం. రాజమాత అన్నా అమాలియా వేసవి విడిది, చుట్టూ గడ్డిమైదానం, వంపు తిరిగే నీరు. 1782 జూలైలో ఈ ఒడ్డునే, ఆరుబయట, రాత్రివేళ మంటల వెలుగులో గోథే రాసిన ‘జాలరి పిల్ల’ అనే సంగీత నాటిక ఆడారు. ఎర్ల్‌కోనిగ్ మొదట ఆ నాటికలోని పాట. ముఖ్యపాత్ర డోర్ట్‌హెన్ వేసింది కొరోనా ష్రోటర్, బాణీ కట్టిందీ ఆమే. 1786లో అచ్చువేయించిన తన పాటల్లో దాన్ని చేర్చింది. రికార్డింగ్ దొరికితే అక్కడే గడ్డిలో కూర్చుని విన్నాం. ఎనిమిది చరణాలకూ ఒకే చిన్న బాణీ. గుర్రం లేదు, గాలి లేదు. తండ్రి బిడ్డను వెచ్చగా పట్టుకున్నాడన్న చోట ఏ స్వరాలు ఉన్నాయో, బిడ్డ చనిపోయాడన్న చోటా అవే.

నాలుగో చరణానికి మేనల్లుడికి విసుగు పుట్టింది. నాకు మాత్రం చివరి చరణం షూబెర్ట్ ముగింపు కంటే ఎక్కువ వణుకు పుట్టించింది. గోథే బాణీ ఒకటే ఉండాలని ఎందుకు పట్టుబట్టాడో ఇక్కడ కూర్చుంటే తెలుస్తుంది. ఆ పాట పాడేది కథ చెప్పేవాడు కాదు, తండ్రీ ప్రియుడూ చేపల వేట నుంచి తిరిగిరాక, తోచక, పని చేసుకుంటూ తెలిసిన పాటలన్నీ కూనిరాగం తీసే పల్లె పిల్ల. బిడ్డ చావుతో పాట ముగిశాక నాటికలో ఆమె మొదటి మాట ఆ బిడ్డ గురించి కాదు. ఉన్న పాటలన్నీ రెండేసిసార్లు పాడేశాను, ఇక మూడోసారి ఎత్తుకోవాలి కాబోలు, ఇంకా రాలేదు వీళ్ళు, అని విసుక్కుంటుంది.