కత్తి ఉస్తాద్ దస్తూరి, నల్లగొండ నీళ్లు

జపాన్ల యమఓకా తెస్షూ (1836–1888) కత్తిసాములో పెద్ద ఉస్తాద్, కుంచెతోని రాసే రాతల గూడ. 1868లో ఎడో (ఇప్పటి టోక్యో) కోట లడాయి లేకుండ చేతులు మారిందంటే, అంతకుముందు దండెత్తి వచ్చిన ఫౌజు సర్దారు సైగో తకమోరి దగ్గరికి పోయి మాట్లాడి వచ్చిన మనిషి. చిన్నప్పుడే ఇవాసా ఇత్తెయి అనే గురువు దగ్గర కుంచె రాత నేర్చిండు. టోక్యోల కిమురయా బేకరీకి బోర్డు రాసిచ్చింది గూడ ఈయనే.

ఆయన రాత చూస్తే ఏ గీతా రెండుసార్లు దిద్దినట్టుండదు. దిద్దితే దాగదు మరి. సుమి అనే జపాన్ నల్ల సిరా ఆరినంక అతుకు పడ్డకాడ నల్లగ తేలుతది.

ఇక్కడ నల్లగొండల ఈ రాత నేర్చుకునేటోళ్లకు అసలు తిప్పలు నీళ్లతోనే. సుమి కడ్డీ అంటే మసి, జంతువుల బంక కలిపి ఆరబెట్టింది, నీళ్లతోని అరగదీస్తే సిరా అయితది. మసి రేణువులు ఒకదానికొకటి అంటకుండ ఆపేది ఆ బంకనే. బోరు నీళ్లల్ల ఉప్పులెక్కువుంటే రేణువులు గడ్డకట్టి సిరా ఇసుక పోసినట్టయితది, నలుపు చచ్చిపోతది. పటిక వేసిన నీళ్లు ఇంకా అధ్వానం. ఫ్లోరైడ్ తీసేటందుకు మన జిల్లా పేరు మీదనే ఉన్న పద్ధతిల పటిక చేసే పనే అది, నీళ్లల్ల తేలేదాన్ని గడ్డకట్టించి అడుక్కు దించుడు. వాటర్ ప్లాంటు నీళ్లు వాడుకోండి.

రాతిపలక మీద అర చెంచా నీళ్లు పోసి, కడ్డీ నిలువుగ పట్టి, వత్తకుండ పది పదిహేను నిమిషాలు గుండ్రంగ అరగదీయాలె. ఆత్రంతోని వత్తితే రేణువులు లావైతయి, మెరుపు రాదు. కడ్డీ పోయిన జాడ వెంటనే మూసుకోకుండ నిదానంగ కలిస్తే సిరా తయారైనట్టు. కడ్డీని తుడిచి నీడకు పెట్టండి, ఎండల పెడితే పగులుతది. మిగిలిన సిరా దాచద్దు, ఎండకాలం బంక కుళ్లి కంపు కొడతది.

కాగితం (24×33 సెంటీమీటర్లు) నున్నటి వైపు పైకి. కింద పలుచటి ఫెల్ట్ ఉండాలె. పాలమూరు గొంగడి పరిస్తే దాని గరుకు గీతల తేలుతది.

కుంచె నిలువుగ, మోచెయ్యి గాలిల, కదలిక భుజం నుంచి. మణికట్టు బల్లకు ఆనిస్తే గీత సన్నబడి వణుకుతది. తెస్షూ రాతల తెల్లటి చారలు వేగానికి పడ్డవి, గీత చివరికి వస్తయి. మీకు మొదట్లనే చార పడుతుందంటే అది వేగం కాదు, కూలర్ గాలికి కుంచె మొన ఆరిపోతున్నది. బంద్ చేసి రాయండి.