ఫ్రాస్ట్ కింద పడేసిన అట్ట: నా అనుభవం

లండన్‌లో జర్నలిజం ఎంఏ చేస్తున్నప్పుడు మాకొక ప్రాజెక్టు ఇచ్చారు. ఒక బ్రిటిష్ టీవీ ఇంటర్వ్యూయర్ కెరీర్ మీద పేపర్ రాయాలి, తర్వాత మనమే ఒకరిని పదిహేను నిమిషాలు ఇంటర్వ్యూ చేసి చూపించాలి. నేను డేవిడ్ ఫ్రాస్ట్‌ని తీసుకున్నాను.

మొదట్లో ఆయన నాకు పెద్దగా ఎక్కలేదు. మెథడిస్టు పాస్టర్ కొడుకు, కేంబ్రిడ్జిలో చదువు, 1962లో బీబీసీలో రాజకీయ నాయకుల్ని ఆటపట్టించే షోతో ఇరవై మూడేళ్లకే పేరు. నవ్వుతూ తియ్యగా మాట్లాడతాడు. ఇలాంటి మనిషి గట్టి ప్రశ్న ఏం అడుగుతాడులే అనుకున్నాను.

వాటర్‌గేట్ కుంభకోణంతో పదవి వదులుకున్న అమెరికా మాజీ అధ్యక్షుడు నిక్సన్‌ని 1977లో ఆయన చేసిన ఇంటర్వ్యూలు చూశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. అమెరికా పెద్ద ఛానళ్లు వద్దంటే ఫ్రాస్ట్ తనే డబ్బు కూడగట్టాడు. నిక్సన్‌కి 6 లక్షల డాలర్లు, పైగా లాభంలో వాటా. రికార్డింగే 28 గంటలు దాటింది. అధ్యక్షుడిగా తన ఆఫీసు మాటల్ని రహస్యంగా రికార్డు చేయించిన టేపులు ఎందుకు తగలబెట్టలేదని మొదటి రోజే అడిగితే నిక్సన్ సాగదీసి సాగదీసి జవాబు చెప్పాడు. కానీ వాటర్‌గేట్ (ప్రతిపక్ష పార్టీ ఆఫీసులో చొరబాటు, దాన్ని కప్పిపుచ్చడం) వంతు వచ్చేసరికి, తన టీమ్‌లోని జేమ్స్ రెస్టన్ జూనియర్ తవ్వి తీసిన నిక్సన్ సంభాషణలు ఫ్రాస్ట్ చేతిలో ఉన్నాయి. అప్పటికి అవి జనానికి తెలియనివి.

ఆ తర్వాతి ఘట్టాన్ని నేను ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశానో! మనం పరీక్షలకు పట్టుకెళ్లే అట్ట లాంటిది ఫ్రాస్ట్ చేతిలో ఉండేది. దాన్ని కింద పడేసి, జనం మీ నోట వినాల్సినవి మూడున్నాయన్నాడు. ఇవి పొరపాట్లు కావు తప్పులేనని, అధికారాన్ని దుర్వినియోగం చేశానని, దేశాన్ని రెండేళ్లు క్షోభ పెట్టినందుకు క్షమించమని. అడిగి, ఆగాడు. దేశాన్ని నిరాశపరిచానని చివరికి నిక్సన్ ఒప్పుకున్నాడు. ఆ ఎపిసోడ్‌ని దాదాపు 4.5 కోట్ల మంది చూశారు.

పేపర్ బాగానే వచ్చింది. చిక్కంతా ఇంటర్వ్యూ దగ్గరే. కేర్ హోమ్‌లో నైట్ డ్యూటీ చేసే నెల్లూరు అక్కని అడిగితే ఒప్పుకుంది. టెన్షన్‌లో కాగితం మీది ప్రశ్నలు వరసగా చదివేశాను. "నాన్న పోయినప్పుడు టికెట్ దొరకలేదు" అంది. నేను వెంటనే "షిఫ్టులు ఎలా ఉంటాయక్కా?" అని అడిగాను. వీడియో చూసిన మా మేడమ్ సరిగ్గా అక్కడ ఆపి, నా మొహం కేసి చూశారు. ఇంకేమీ అనలేదు. నాకు ఏడుపొచ్చింది. ఫ్రాస్ట్ గురించి అన్ని పేజీలు రాసిన నేను, ఎదురుగా కూర్చున్న మనిషి మాట వినలేదు.

రెండో వారం మళ్లీ వెళ్లి అక్కకి సారీ చెప్పాను. టీ పెట్టి కూర్చోబెట్టింది. ఈసారి కాగితం కుర్చీ కింద పెట్టేశాను. "ఆ రోజు ఏం జరిగిందక్కా?" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. ఫ్రిజ్ శబ్దం ఒక్కటే. ఇంకో ప్రశ్న నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. తమ్ముడు ఫోన్ పట్టుకుని అంత్యక్రియలు చూపించాడనీ, నెట్ ఆగిపోవడంతో చివరి చూపు కూడా దక్కలేదనీ మెల్లగా చెప్పింది.

బయల్దేరుతుంటే గుమ్మం దగ్గర ఆపి, "మా అమ్మకి మాత్రం వీడియోలో ఆ ముక్క పంపకు. నేను చూశాననే అనుకుంటోంది" అంది. ఆ రాత్రే అది తీసేసి వాళ్ల అమ్మకి వేరే కాపీ చేశాను. కాలేజీకి ఇచ్చే కాపీలో ఉంచొచ్చా అని అక్కకి ఫోన్ చేసి అడిగి, సరే అన్నాకే సబ్మిట్ చేశాను.