కాళ్లు నిలిచిన చోటు: అకేడియన్ల సిలువలు

యెహోషువ గ్రంథం 4వ అధ్యాయంలో దేవుడు పన్నెండు రాళ్లు తెమ్మంటాడు. ఒడ్డున దొరికే రాళ్లు సరిపోవు. యొర్దాను నడుమ యాజకుల కాళ్లు నిలిచిన చోటి నుంచే తేవాలి. రేపు పిల్లలు ‘ఈ రాళ్లెందుకు?’ అని అడిగితే జవాబు చెప్పాలి కాబట్టి. పన్నెండు అనే లెక్క అందరికీ గుర్తుంటుంది, చోటు గురించిన షరతు మాత్రం చదువుతూ దాటేస్తాం. కెనడాలోని నోవా స్కోషియాలో అకేడియన్ల సిలువల దగ్గర ఆ షరతు బరువు తెలుస్తుంది.

అకేడియన్లు ఫ్రెంచి మాట్లాడే కతోలిక రైతులు. నోవా స్కోషియాలోని గ్రాన్ ప్రే అనే చోట 1680ల నుంచి ఉప్పు పర్రకు గట్లు పోసి పొలాలు చేసుకున్నారు. గట్టు అడుగున తూము, తూములో ఒకవైపే తెరుచుకునే తలుపు. ఆటులో వాన నీరు బయటికి పోతుంది, పోటు వస్తే ఆ నీటి ఒత్తిడికే తలుపు మూసుకుంటుంది. వానలకు ఉప్పు కడిగి పోయాక, అంటే రెండు మూడేళ్లకు గానీ పంట రాదు. అలా సంపాదించిన నేల అది.

బ్రిటిష్ రాజుకు షరతుల్లేని విధేయతా ప్రమాణం చేయలేదని, 1755 జూలై 28న హాలిఫాక్స్‌లో వాళ్లను వెళ్లగొట్టే నిర్ణయం జరిగింది. సెప్టెంబరు 5న గ్రాన్ ప్రేలో బ్రిటిష్ సేనల కర్నల్ జాన్ విన్‌స్లో మగవాళ్లను, పదేళ్లు దాటిన మగపిల్లలను వాళ్ల గుడిలోకే పిలిపించి తలుపులు వేయించాడు. లోపల ఉన్నది 418 మంది. సెప్టెంబరు 10న ముందు యువకులను ఓడల దగ్గరికి నడిపించారు. తండ్రులు లేకుండా కదలం అన్నారు వాళ్లు, సైనికులు తుపాకుల మొనలతో కదిలించారు. వాళ్లు ప్రార్థిస్తూ, పాడుతూ, ఏడుస్తూ వెళ్లారనీ, ఒకటిన్నర మైలు పొడవునా ఆడవాళ్లు, పిల్లలు మోకాళ్ల మీద ప్రార్థించారనీ విన్‌స్లోనే తన దినచర్యలో రాసుకున్నాడు. ‘అన్యుల దేశంలో యెహోవా కీర్తనలు ఎలా పాడగలం’ అని 137వ కీర్తన అడుగుతుంది. వీళ్ల పాట సొంత దేశపు దారి మీదే ఏడుపుతో కలిసిపోయింది.

గ్రాన్ ప్రేలో రెండు సిలువలున్నాయి. మొదటిది రాతి సిలువ. తల్లి వైపున అకేడియన్ అయిన నగల వ్యాపారి జాన్ ఫ్రెడరిక్ హెర్బిన్ 1907లో ఆ స్థలం కొని, 1909లో పాత సమాధుల చోట దాన్ని కట్టించాడు. అకేడియన్ల ఇళ్ల పునాదులవని భావించిన రాళ్లనే వాడాడు. యొర్దాను షరతును అంత దగ్గరగా పాటించిన కట్టడం అరుదు.

రెండోది 1924లో నిలిపిన ఇనుప సిలువ, ఓడలెక్కించిన చోటికి గుర్తు. అయితే నిలిపింది అసలు చోట కాదు, రైలు పట్టాల పక్కన. గట్లు పోసిన నేలలో పాత వాగులు పూడిపోతాయి, తీరం జరుగుతుంది. అక్కడ అంచనా తప్పడం తేలిక. 2005లో, 250 ఏళ్లు నిండిన సందర్భంగా, దాన్ని హోర్టన్ ల్యాండింగ్ తీరానికి మార్చారు. ఎనభై ఏళ్లు ప్రార్థనలందుకున్న సిలువను కదపడం చిన్న మాట కాదు. అయినా కదపడమే సరైనదని నా నమ్మకం. ఖాళీ చేయించిన పొలాల్లోకి తెచ్చిన న్యూ ఇంగ్లండ్ వలసదారులు 1760లో దిగిందీ ఆ తీరానే. 1759 తుపానుకు తెగిన గట్లను బాగుచేయడం వాళ్లకు చేతకాలేదు, చెరలో ఉన్న అకేడియన్లనే పనికి పెట్టారు. తమవి కాకుండా పోయిన పొలాలకు వాళ్లే కాపు కాశారు.

వెళ్లగొట్టిన తర్వాత అకేడియన్లు తిరిగి స్థిరపడిన చోట కూడా సిలువే నిలిచింది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, మడవాస్కా దగ్గర సెయింట్ జాన్ నది ఒడ్డున, 1785లో దిగిన అకేడియన్ కుటుంబాలకు గుర్తుగా పెద్ద సిలువ ఉంది. దిగగానే జోసెఫ్ డేగల్ అక్కడ సిలువ నాటాడని వాళ్ల నోటి మాట. వేసవి పండుగలో కలుసుకున్న కుటుంబాలు తమ ఇంటిపేరు చెక్కిన రాయిని అక్కడ వదిలి వెళ్తాయి. పిల్లల ప్రశ్నకు జవాబు ఆ రాళ్ల మీదే రాసి ఉంటుంది.

2003లో కెనడాలో వెలువడిన రాజ ప్రకటన ప్రకారం 2005 నుంచి జూలై 28 ఆ వెళ్లగొట్టిన ఘటనకు స్మరణ దినం. ఆగస్టు 15న, మన గుళ్లలో మరియమాత మోక్షారోపణ పండుగ జరిగే రోజునే, అకేడియన్ల జాతీయ పండుగ. వాళ్ల జాతీయ గీతం ‘ఆవే మారిస్ స్టెల్లా’ కూడా మరియమాత స్తుతే. గ్రాన్ ప్రే వెళ్లేవాళ్లు రాతి సిలువ దగ్గర యెహోషువ 4 చదివి, హోర్టన్ ల్యాండింగ్ చేరాక 137వ కీర్తన చదవండి. ఆ తీరం రాతి సిలువ ఉన్న స్మారక ఉద్యానవనం లోపల ఉండదు, వేరే దారిన వెళ్లాలి. పోటు వేళలు ముందే చూసుకోండి. ఆటులో ఎర్ర బురదే కనిపిస్తుంది, పోటులో వెళ్తేనే పడవలు ఒడ్డుకు ఎలా వచ్చాయో అర్థమవుతుంది.